యల్లాప్రగడ సుబ్బారావు – మట్టిలో దొరికిన బంగారం

మంచిర్యాల జిల్లా చెన్నూరు వద్ద గోదావరి కొంతదూరం ఉత్తరవాహినియై ప్రవహిస్తుంది. ఎగువన ఎన్ని నేలలను ఒరుసుకొని వచ్చిందో, ఆ మన్నునంతటినీ కలుపుకొని ఆ నది తూర్పు సముద్రం దాకా సాగిపోతుంది. డెల్టాలోని వరిమళ్లు నిలిచి ఉన్నది అలా మోసుకువచ్చిన ఒండ్రుమట్టి మీదనే. నది ఒడ్డున చిటికెడు మన్ను తీసి చూస్తే కంటికి అందులో ఏ ప్రాణమూ కనబడదు. కాని ఒక్క గ్రాము మట్టిలో కోట్ల సంఖ్యలో సూక్ష్మజీవులు ఉంటాయి. వాటిలో కొన్ని మనిషిని రోగగ్రస్తుణ్ణి చేస్తాయి. మరికొన్ని ఆ రోగకారకాలను హతమార్చే పదార్థాలను తమలో తయారు చేసుకుంటాయి. మందుల వేటను ఈ రెండవ రకం జీవుల వైపు మళ్లించి, అందుకు ఒక పెద్ద పరిశోధనశాలను సన్నద్ధం చేసినవారిలో గోదావరి డెల్టాలో పుట్టిన ఒక తెలుగువాడు ఉన్నాడు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి, తల్లి వెంకమ్మ. ఇంటినిండా పిల్లలు, చాలీచాలని సంపాదన. చిన్ననాట ఆయనకు చదువుపై ఏమంత శ్రద్ధ ఉండేది కాదు. పదమూడేళ్ల వయస్సులో కాశీకి పోయి, యాత్రికులకు అరటిపళ్లు అమ్మి ధనం గడించాలన్న తలంపుతో ఇల్లు విడిచిన బాలుణ్ణి పెద్దలు మార్గమధ్యంలోనే పట్టి తెచ్చారు. 1913లో తండ్రి మరణించారు. తల్లి తన నగలను అమ్మి కుమారుని చదువు నిలబెట్టింది. రాజమండ్రిలో రెండుమార్లు మెట్రిక్యులేషన్ తప్పి, మూడవసారి మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాల నుంచి ఉత్తీర్ణుడయ్యారు. ఆ తరవాత ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెట్ చదివారు. సన్యసించి రామకృష్ణ మఠంలో చేరాలన్న కోరిక కలిగినప్పుడు తల్లి అనుమతించలేదు. మఠంలోని పెద్దలు వైద్యం చదివి సేవ చేయమని హితవు చెప్పగా, మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించారు.

అక్కడా ఆయన మార్గం సాఫీగా సాగలేదు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించడం శస్త్రచికిత్స బోధించే ఆంగ్లేయ ఆచార్యునికి గిట్టలేదు. ఫలితంగా పూర్తిస్థాయి ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు అంతకన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే ఆయన బయటికి రావలసివచ్చింది. ప్రభుత్వ వైద్యశాఖలో ఎదిగే అవకాశం ఆ విధంగా మూసుకుపోయింది. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆధ్వర్యంలోని ఆయుర్వేద కళాశాలలో ఆయన అధ్యాపకుడుగా చేరారు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన విషాదం ఆ దినాల్లోనిదే. ఆంగ్లవైద్యులు స్ప్రూ అని, ఆయుర్వేదజ్ఞులు గ్రహణి అని వ్యవహరించే వ్యాధి ఆయన సోదరులలో ఇద్దరిని కొద్దిరోజుల వ్యవధిలోనే బలిగొన్నది. తిన్న అన్నం ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం క్షీణించి మనిషి ఎండిపోతాడు. అప్పటి ఆధునిక వైద్యం దాని ముందు చేతులెత్తేసింది. సుబ్బారావుకు కూడా అదే రోగం సోకింది. ఆయుర్వేద చికిత్సతో ఆయన బతికి బయటపడ్డారు. తానెందుకు బతికినట్టు, అన్నదమ్ములెందుకు పోయినట్టు అన్న ప్రశ్నకు సమాధానం మాత్రం ఆ కాలపు ఏ వైద్యగ్రంథంలోనూ లభించలేదు.

మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి సహాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆసరాతోను సుబ్బారావు సముద్రం దాటి, 1922 అక్టోబరులో బోస్టన్ నగరం చేరారు. భార్య శేషగిరి అప్పటికి గర్భవతి. ఆ తరవాత పుట్టిన కుమారుడు ఏడాది నిండకుండానే మరణించాడు. ఆ బిడ్డను తండ్రి చూడలేదు. తిరిగి వస్తానన్న మాట కూడా నెరవేరలేదు. మహనీయుల చరిత్రలను రాసేవారు ఇలాంటి సంగతులను దాటవేస్తుంటారు. కాని ఆయన సాధించిన ప్రతిదానికీ ఇక్కడ ఒక స్త్రీ మూల్యం చెల్లించిందన్నది విస్మరించదగింది కాదు.

హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రంలో డిప్లొమా పొందుతూ, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రివేళ ఊడిగం చేశారు. పిమ్మట సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద జీవరసాయన శాస్త్ర విభాగంలో కుదిరారు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే పద్ధతిని వారిరువురూ 1925లో ప్రకటించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది తరతరాల విద్యార్థులకు పాఠమైంది. కండరంలో శక్తిని నిలువచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, జీవకణం ఖర్చుపెట్టే నాణెం వంటి ఏ.టి.పి.ని 1929లోను వారు వెలుగులోకి తెచ్చారు. ఏ.టి.పి.ని అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా కనుగొన్నాడు. 1930లో సుబ్బారావుకు పిహెచ్.డి. లభించింది. స్థిరమైన ఆచార్య పదవి మాత్రం హార్వర్డులో దక్కలేదు.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లే ప్రయోగశాలల్లో చేరి, రెండు మూడేళ్లలోనే అక్కడి పరిశోధనలకు సంచాలకులయ్యారు. భాస్వరాన్ని పరీక్షనాళికలో కొలిచిన ఆ రసాయనవేత్త చేతికి అక్కడ సూక్ష్మజీవులు పనిముట్లుగా వచ్చాయి.

తొలి పని స్ప్రూ వంటి రక్తహీనతల మీదనే. 1928లో బొంబాయి వచ్చిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, అక్కడి గర్భిణీ స్త్రీలలో కనిపించే ఒక తీవ్ర రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతుందని చూపింది. ఆ సారంలోని గుణకారి ఏమిటో ఎవరికీ తెలియదు. 1941లో అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు పాలకూర ఆకుల నుంచి తీసిన ఒక పదార్థానికి ఆకు అనే అర్థం గల లాటిను మాటను బట్టి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. కాలేయంలోనూ అటువంటిదే ఉందని తోచింది. అయితే అది అత్యల్పంగా ఉండేది. గంపెడు కాలేయం నుంచి చిటికెడు కూడా రాని వస్తువును ఏ దశలో ఎంత మిగిలిందో కొలవడమెట్లా?

ఆ కొలతకు త్రాసు అయినది లాక్టోబాసిల్లస్ కేసియై అనే బాక్టీరియా. పాలను పులియబెట్టే జీవుల కుటుంబానికి చెందిన ఈ జీవికి ఫోలిక్ ఆమ్లం లేనిదే ఎదుగుదల లేదు. మిగిలిన పోషకాలన్నీ సమకూర్చి ఆ ఒక్కదాన్ని తప్పించిన ద్రవంలో దాన్ని వేస్తే అది పెరగక ఊరకుంటుంది. పరీక్షించదలచిన సారం ఒక చుక్క కలిపితే పెరుగుతుంది. ఎంత ఆమ్లం పుట్టించిందో చూసి, సారంలో విటమిను ఎంత ఉందో లెక్కకట్టవచ్చు. ఇంత సున్నితమైన రసాయన త్రాసు ఆనాడు మరొకటి లేదు.

త్రాసు పనికిరావాలంటే తూనికరాయి మారకూడదు. ఇక్కడే సూక్ష్మజీవుల భాండాగారాల అగత్యం బోధపడుతుంది. మన ఇళ్లలో తోడు పెరుగు సంగతి అందరికీ తెలిసిందే. ఈ రాత్రి పాలలో వేసిన తోడు రేపటి పెరుగు, దానిలో గరిటెడు ఎల్లుండికి తోడు. ఎప్పుడైనా పెరుగు విరిగి కంపుకొట్టినా, తీగసాగినా, పొరుగింటికి గిన్నె పట్టుకొని వెళ్లక తప్పదు. ప్రయోగశాలలోని సూక్ష్మజీవుల వర్ధనాలదీ అదే స్థితి. వాటిని తరచుగా కొత్త యానకంలోకి మార్చుతూ పోతే కొంతకాలానికి గుణం మారుతుంది, పరాయి జీవులు జొరబడతాయి, ఒక్కొక్కప్పుడు చచ్చిపోతాయి కూడా. అప్పుడు అడిగి తెచ్చుకోవడానికి, ఎన్నడూ తోడు తప్పని ఒక పొరుగిల్లు కావాలి. ప్రపంచంలో అటువంటి తొలి పొరుగింటిని 1890లో ప్రాగ్ నగరంలో ఫ్రాంటిషెక్ క్రాల్ నెలకొల్పాడు. అమెరికాలో 1925లో అమెరికన్ టైప్ కల్చర్ కలెక్షన్ ఏర్పడింది. ఇలినాయ్ రాష్ట్రంలోని పియోరియాలో ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనశాల 1940లో మరొకదాన్ని ఆరంభించింది. అక్కడ జీవులను ఘనీభవింపజేసి, శూన్యంలో తేమ తీసివేసి, సన్నని గాజుగొట్టాలలో మూతివేసి దాచుతారు. దశాబ్దాల తరవాత గొట్టం పగులగొట్టి యానకంలో వేసినా ఆ జీవి మేలుకొంటుంది.

ఫోలిక్ ఆమ్లపు అన్వేషణలో పలు ప్రయోగశాలలు పోటీపడ్డాయి. అందరూ తమ తమ ఇష్టం వచ్చిన బాక్టీరియాతో కొలిచి ఉంటే ఒకరి ఫలితం మరొకరికి అక్కరకు వచ్చేది కాదు. లెడర్లే బృందం కాలేయం నుంచే కాక, ఒకానొక బాక్టీరియాను పెంచిన ద్రవం నుంచి కూడా ఈ పదార్థాన్ని సేకరించింది. ఆ రెండవదాన్ని లాక్టోబాసిల్లస్ చక్కగా వాడుకోగా, కొలతకు వాడే మరో బాక్టీరియా దానికి అంతగా స్పందించలేదు. రెండు త్రాసులు రెండు తూకాలు చూపడం పొరపాటు కాదని, పదార్థమే రెండు రూపాల్లో ఉందని క్రమంగా స్పష్టమైంది. ఒకదానిలో గ్లుటామిక్ ఆమ్లపు భాగం ఒకటే ఉంటే, మరొకదానిలో మూడు ఉన్నాయి. త్రాసుల మీద నమ్మకం లేకుంటే ఆ తేడాను కొలత దోషమని కొట్టిపారవేసేవారే.

1945లో సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయగలిగింది. త్వరలోనే అది స్ప్రూ రోగులకు అందింది. మంచం పట్టినవారు కోలుకోసాగారు. సోదరులు పోయిన పాతికేళ్లకు ఆ రోగానికి మందు ఆయన చేతిలోకి వచ్చింది.

ఆ అణువులోనే చిన్నచిన్న మార్పులు చేస్తే, పోషించవలసిన పదార్థం పోషణను అడ్డుకొనేదిగా మారుతుంది. అటువంటి ప్రతిరూపాలను తయారుచేసి, మొదట బాక్టీరియాల మీదనే పరీక్షించారు. వాటిలో అమినోప్టెరిన్ అనేదాన్ని బోస్టన్‌లోని సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తకాన్సరు పీడిత బాలలకు ఇచ్చి, వ్యాధి తాత్కాలికంగానైనా వెనుకంజ వేయగలదని 1948లో ప్రకటించాడు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ కాన్సరు చికిత్సలోను, కీళ్లవాతంలోను వాడుకలో ఉంది. ఆ నడుమనే, 1947లో, బోదకాలు వ్యాధికి హెట్రజాన్ వెలువడింది. డి.ఇ.సి. మాత్రలు అనే పేరుతో ఆరోగ్య కార్యకర్తలు ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఇంటింటికీ పంచినది ఆ మందునే.

ఇక మట్టి కథ. పెన్సిలిన్ కొన్ని రోగాలకు అమృతతుల్యమే అయినా, టైఫస్ వంటి జ్వరాల మీద దాని ప్రభావం లేదు. ఆ పెన్సిలిన్ చరిత్రలోనే ఒక మెలిక ఉంది. 1928లో ఫ్లెమింగ్ చూసిన బూజును ఆక్స్‌ఫర్డులోని ఒక ప్రయోగశాల వేరే పనికోసం తెప్పించుకొని, ఏళ్లతరబడి పోషిస్తూ వచ్చింది. ఫ్లోరీ, చైన్‌లు మందు తయారీకి పూనుకొన్నప్పుడు ఆ బూజు అదే భవనంలో సిద్ధంగా ఉంది. ఎవరో శ్రద్ధగా మార్చి మార్చి పెంచకుండా ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

1943–44లో వాక్స్‌మన్ ప్రయోగశాలలో మట్టి జీవుల నుంచి స్ట్రెప్టోమైసిన్ వెలువడిన పిదప, మట్టిలో వెదకడానికి సుబ్బారావు లెడర్లేలో ఏర్పాట్లు బలపరచారు. ఆ పనిలో ముఖ్యుడు బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పదవీవిరమణ చేసి, డెబ్బయ్యేళ్లు దాటిన ఆయనను వయోభారమనక సంస్థ చేర్చుకొన్నది. డగ్గర్ తన పరిచయస్థులందరికీ లేఖలు రాసి మట్టి నమూనాలు తెప్పించాడు. మిస్సోరీ విశ్వవిద్యాలయంలోని విలియం ఆల్‌బ్రెక్ట్ పంపిన పొట్లాలలో ఒకటి శాన్‌బర్న్ క్షేత్రంలోని 23వ మడిలోనిది. 1888లో ఆరంభమైన ఆ ప్రయోగక్షేత్రంలో ఏళ్లకేళ్లుగా ఎరువు వేయకుండా ఒకే రకం గడ్డిని పెంచుతున్న మడి అది. దీర్ఘకాలంగా ఎవరూ పెద్దగా కదిలించని ఆ నేలలో నుంచి 1945లో బంగారువన్నె గల ఒక జీవి పైకి వచ్చింది. దానికి వారిచ్చిన సంఖ్య ఎ-377.

వెదికే తీరు చెప్పడానికి సులువు, చేయడానికి విసుగు. మట్టిని నీటిలో కలిపి, పలుచన చేసి, అగార్ పలక మీద పరుస్తారు. విడివిడిగా మొలిచిన గుంపుల నుంచి ఒక్కొక్కదానిని వేరుచేసి, సంఖ్యవేసి, రోగకారక బాక్టీరియాలకు ఎదురుగా పెంచుతారు. చుట్టూ ఏమీ మొలవని ఖాళీ వలయం కనబడితే ఆ జీవిని దాచుతారు, లేకుంటే పారవేస్తారు. వలయం చూపినవాటిలోనూ అధికభాగం ఎలుకలను సైతం చంపే విషాలే. వేలకొద్దీ గొట్టాలలో ఒక్కటి మందు కావచ్చు, కాకపోవచ్చు. కాబట్టి పుస్తకంలోని సంఖ్యకు, గొట్టంలోని జీవికి మధ్య సంబంధం తప్పిపోకుండా చూడడమే అక్కడ సగం శాస్త్రం.

ఎ-377 ఇచ్చిన పసుపుపచ్చని పదార్థానికి బంగారం అనే అర్థం గల లాటిను మాటతో ఆరియోమైసిన్ అని, జీవికి స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్ అని పేర్లు పెట్టారు. పెన్సిలిన్‌కు లొంగనివాటితో సహా పెక్కు రకాల బాక్టీరియాలను అది అణచింది. టైఫస్ తరగతి జ్వరాలకు కూడా పనిచేసింది. నోటి ద్వారా ఇవ్వవచ్చు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది జ్యేష్ఠసంతానం. తెలుగునాట స్క్రబ్ టైఫస్‌కు వైద్యులు నేడు రాసే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోనిదే.

1948 జులై 21న న్యూయార్కు విజ్ఞానశాస్త్ర అకాడమీ సమావేశంలో ఆరియోమైసిన్‌ను లోకానికి తెలిపారు. ప్రకటన డగ్గర్ పేర వెలువడింది. మూడు వారాలైనా గడవకముందే ఆగస్టులో సుబ్బారావు హృదయాఘాతంతో నిద్రలోనే కన్నుమూశారు. ఆయనకు 53 ఏళ్లు. అమెరికా పౌరసత్వం ఆయనకు చివరిదాకా లేదు. ఆ డిసెంబరులో మందు విపణిలోకి రావడాన్ని ఆయన చూడలేదు.

ఆరియోమైసిన్‌కు పేటెంటు కోరినప్పుడు ఒక చిక్కు ఎదురైంది. పేటెంటు పొందేవాడు తన పద్ధతిని ఇతరులు చేసి చూడగలిగేంత స్పష్టంగా వెల్లడించాలి. యంత్రమైతే బొమ్మగీసి చూపవచ్చు. మిస్సోరీ మట్టిలోని ఒక ప్రత్యేక జీవిని మాటలతో ఎంత వర్ణించినా, చదివినవాడు దాన్ని తయారుచేసుకోలేడు. అందువల్ల ఆ జీవినే పియోరియా భాండాగారంలో జమచేశారు. అక్కడ దాని సంఖ్య ఎన్.ఆర్.ఆర్.ఎల్. 2209. పేటెంటు 1949లో మంజూరైంది. పేటెంటు నిమిత్తం సజీవ నమూనాను అప్పగించే ఆచారానికి అది తొలినాటి దృష్టాంతం. 1977లో బుడాపెస్టు ఒడంబడిక దాన్ని దేశాల మధ్య నియమంగా స్థిరపరచింది. 2001లో భారతదేశం అందులో చేరగా, 1986లో చండీగఢ్‌లో నెలకొన్న సూక్ష్మజీవుల భాండాగారానికి 2002లో ఆ ఒడంబడిక కింద గుర్తింపు వచ్చింది. ఆపై మన శాస్త్రజ్ఞులు కొత్త జీవికి పేటెంటు కోరినప్పుడు గాజుగొట్టాన్ని విదేశాలకు పంపవలసిన అవసరం తప్పింది.

జన్యుపరీక్షలు ముదిరిన తరవాత వర్గీకరణ శాస్త్రజ్ఞులు ఎ-377ను స్ట్రెప్టోమైసిస్ ప్రజాతి నుంచి తప్పించి, కిటసటోస్పోరాలో చేర్చారు. పేరు మారినా 2209 అన్న సంఖ్య మారలేదు. డగ్గర్ చూసిన జీవి ఏదని ఎవరైనా అడిగితే చూపవలసింది ఆ సంఖ్యనే.

సుబ్బారావు పేరును కూడా ఒక సూక్ష్మజీవి మోస్తున్నది. లెడర్లేలో పనిచేసి, పిమ్మట పియోరియా భాండాగారపు బాధ్యతలు వహించిన క్లిఫర్డ్ హెస్సెల్‌టైన్, మురుగునీటిని శుద్ధిచేసే రాళ్ల మీద పేరుకొన్న జిగటలో ఒక కొత్త శిలీంధ్రాన్ని గుర్తించి, 1953లో దానికి సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని నామకరణం చేశాడు.